పెన్ను ఆగితే వినిపిస్తుంది

మొన్న రాయ్‌పూర్‌లో తెలీబంధా చెరువు గట్టున కూర్చుంటే, పక్క బెంచీ మీద ఒకమ్మాయి దళసరి కాగితం మీద దబ్బనం లాంటి పుల్లతో బ్రెయిలీ చుక్కలు గుచ్చుతోంది. టక్, టక్, టక్. ఆ చప్పుడుకు రూతమ్మ టీచర్ గుర్తొచ్చారు. కాకినాడ వైపు మనిషి, భర్తది రైల్వే ఉద్యోగం. చూపు లేని పిల్లలకు పాఠాలు చెప్పడానికి స్కూటీ మీద ఊళ్ళో బడులన్నీ తిరిగేవారు.

చదువు హక్కు చట్టం వచ్చిన కొత్త. మా బడిలో పదో తరగతి సుజాతక్కకు చూపు లేదు. బోర్డు పరీక్షలో ఆమె చెబితే రాసిపెట్టే రైటర్‌గా కింది తరగతి పిల్ల కావాలి. తొమ్మిదిలో ఉన్న నన్ను ఎంచారు. నా మార్కులు ఓ మోస్తరే గానీ చేతిరాత ముత్యాలు. అక్క తలరాత నా చేతిరాతలో పడిందన్నమాట. పదకొండులో చేరాలని ఆమె ఆశ. హెడ్మాస్టరు గారు మాత్రం, "నంబర్ కిస్కే హోంగే, ఇస్కే యా రైటర్‌కే?" అని ముఖం మీదే అనేశారు. వచ్చే మార్కులు అక్కవో, రాసినదానివో అని ఆయన అనుమానం.

అభ్యాస పరీక్షల్లో అక్కకు మార్కులు ఎనభై దాటాయి. నేను పొంగిపోయాను. మూడో పరీక్షకు టీచర్ వచ్చి, మా పక్కన కూర్చుని కళ్ళు మూసుకున్నారు. పాపం, నిద్రపోయారనుకున్నాను.

"ఏవమ్మా, ఆరో ప్రశ్న దగ్గర పెన్నెందుకు ఆపేవు?"

"నేను నోరే విప్పలేదు టీచర్, ఒట్టు, కసమ్ సే!"

"నోరెందుకు? అది తప్పు చెప్పింది, నువ్వు ఆగేవు. అది విని మార్చుకుంది. నువ్వు రైటర్‌వే తల్లీ, రచయిత్రివి కాదు."

సుజాతక్క నవ్వేసింది. "దీని పెన్ను ఆగిందంటే గడ్‌బడ్ అని నాకు తెలుసు టీచర్. బాగుంది కదా అని వాడీసుకున్నాను."

"మరి పదకొండులో ఎవరి పెన్ను వింటావే?"

అక్క నవ్వు ఆగిపోయింది.

అసలు ఆవిడ ఏం విన్నారో తెలుసుకోవాలని ఇంటికెళ్ళి నేనూ కళ్ళు మూసుకున్నాను. తమ్ముడు లెక్కలు చేస్తున్నాడు. తప్పు చేసే ముందు వాడి పెన్సిల్ నిజంగానే ఆగుతోంది! ఆ నెలంతా టీచర్ "చేపలు చెట్లెక్కును" లాంటివి గంభీరంగా చెప్పేవారు. నేను తడబడకుండా రాయాలి. అక్క చెవొగ్గి కూర్చుని, నా చేయి జంకితే చాలు, "పట్టీశాను!" అనేది.

బోర్డు సైన్సు పరీక్షలో, మొక్కలు నేలలోని నీటిని ఆకులతో పీల్చుకుంటాయని చెప్పింది అక్క. నా చేయి ఆగలేదు. ఆ తప్పును ముత్యాల్లా రాసిపెట్టి, బయటికొచ్చి ఏడ్చాను.

"ఎందుకే ఏడుపు? ఆకులు కాదు, వేళ్ళు కదూ? గేటు దగ్గర గుర్తొచ్చీసింది," అంది అక్క. "పోన్లే, నా తప్పే కదా."

సెకండ్ డివిజన్ వచ్చింది. ఎనభైలు కావు గనకే, అవి ఎవరి మార్కులని హెడ్మాస్టరు గారు మళ్ళీ అడగలేదు. పదకొండులో చేర్చుకున్నారు.

ఇప్పుడు నేను ఓ ఆసుపత్రి కౌంటర్లో రోగుల బాధలు ఫారాల్లో నింపుతుంటాను. ఎవరైనా మాట కోసం తడుముకుంటే అందించేయాలని నాలుక దురద పెడుతుంది. పళ్ళు బిగబట్టి కూర్చుంటాను. లైన్లోంచి "జల్దీ కరో బహన్‌జీ!" అని అరుస్తారు. అరవనీ. ఎదురుగా ఉన్న మనిషికి ఎక్కడ నొప్పో, ఆ మనిషే చెప్పాలి.