అల్యూమినియం కింద బొగ్గు

వీధి చివర ఇస్త్రీ బండివాడు పెట్టెలో బొగ్గులు నింపి విసురుతుంటే ఆ పొగ మా కిటికీలోంచి లోపలికి వస్తుంది. వచ్చినప్పుడల్లా నాకు రంగప్పగారి మీద చిరాకు పుడుతుంది. ఆయన పోయి నెల కాలేదు. పోయినవారి మీద చిరాకు పడకూడదంటారు. నాకు చేతకావడం లేదు.

యుద్ధం రోజుల్లో కాటన్‌పేటలోని ఒక ఫౌండ్రీలో ఆయన కెమిస్టు. నేను బి.ఎస్సీ. పాసై కొత్తగా చేరిన సహాయకుణ్ణి. ఖనిజపు రాళ్ళు పరీక్షించడం మా పని. ప్రతి ఉదయం కొలిమి అంటించే ముందు ఆయన నాచేత లోహాల వరుస అప్పజెప్పించుకునేవారు. ఆక్సిజన్‌ను అన్నిటికంటే గట్టిగా పట్టుకునే పొటాషియంతో మొదలుపెట్టి, సులువుగా వదిలేసే వెండి దాకా. డిగ్రీ ఉన్నవాడికి ఎక్కాల్లాగా ఇదేం శిక్ష అని లోపల పళ్ళు నూరుకునేవాణ్ణి. చివర ఎప్పుడూ అదే ప్రశ్న.

“బొగ్గు యాడుండాదప్పా?”

“అల్యూమినియం కింద, జింకు పైన, సార్.”

“సరే. అంటించు.”

బొగ్గుతో కలిపి కాలిస్తే రాగి వచ్చింది. సీసం వచ్చింది. ఇంకా గట్టిగా ఊదితే ఇనుమూ వచ్చింది. నాకు పొగరెక్కింది. అప్పట్లో అల్యూమినియం దొరకడం గగనం. యజమాని శెట్టిగారు ఎక్కడినుంచో బాక్సైట్ రాళ్ళు తెప్పించి, “దీంట్లో అల్యూమినియం ఉండాదంట. తీస్తావా?” అని అడిగితే, “వారంలో తీసిస్తాను” అనేశాను. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. దీనితో అవుతుందని ఆశ. పక్కనే ఉన్న రంగప్పగారు పొడుం పీల్చి ఊరుకున్నారు.

వారం రోజులు కొలిమి ఊదించాను. రాయిని మెత్తగా నూరాను, బొగ్గు రెట్టింపు చేశాను, కనుబొమలు కాల్చుకున్నాను. రాయి కాల్చే మూసలో గట్టిపడ్డ మట్టే మిగిలింది. ఆ ఏడు ఉదయాలూ ఆయన వరుస అడిగారు. నేను తప్పు లేకుండా చెప్పాను. “సరే. అంటించు” అన్నారు.

ఎనిమిదో రోజు శెట్టిగారు మూసలోకి తొంగిచూశారు. “మట్టి కాల్చేదానికి బి.ఎస్సీ. యాలప్పా? కుంబారపేట కుమ్మరోళ్ళు చాలరా? రేపట్నుంచి రావద్దు.”

రంగప్పగారు లేచారు. “కాల్చమన్నది నేను, సామీ. తప్పు నాది.”

శెట్టిగారు ఆయన్ను పనివాళ్ళందరి ముందూ కడిగేశారు. ఆయన తల వంచుకుని విన్నారు. నా ఉద్యోగం నిలిచింది.

శెట్టిగారు వెళ్ళగానే రంగప్పగారి మీద పడ్డాను. “బొగ్గుతో రాదని మీకు తెలుసు కదా, సార్! ఒక్క మాట చెబితే ఏం పోయేది?”

“దినామూ నువ్వే చెప్తా ఉంటివి కదప్పా. ఇంక నేను చెప్పేది ఏముండాది?”

వరుసలో తనకంటే కింద ఉన్న లోహాల దగ్గర్నుంచే బొగ్గు ఆక్సిజన్‌ను లాక్కోగలదు. పైనున్న అల్యూమినియాన్ని విడదీయాలంటే కరెంటు కావాలి. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే. కొలిమి ముందు మాత్రం ఒక్క పొద్దూ తట్టలేదు.

అయినా కోపం పోలేదు. అందరి ముందూ తిట్లు తినేకంటే ఒక మాట చెప్పడం సులువు కాదా? అడగాలనుకుంటూనే ఏళ్ళు గడిపాను. ఇప్పుడు ఇస్త్రీ పొగ రాగానే నాలుక మీద వరుస మొదలవుతుంది, బొగ్గు దగ్గర ఆగుతుంది. ఒక్క మాట చెప్పలేదని ఇన్నేళ్ళుగా ఆయన్ను విసుక్కుంటున్నాను. ఆ రోజు శెట్టిగారి ముందు “తప్పు నాది” అనే ఒక్క మాట చెప్పనివాణ్ణి నేను.