బేసి తేదీల వయొలిన్

రాజులు సంధి చేసుకుంటే చరిత్రకారులు తేదీతో, సాక్షులతో సహా రాసిపెడతారు. కమ్మరి రోజూ ఉదయం తొమ్మిదింటికి చొక్కా అంచుతో గ్రామఫోను రికార్డు మీది మసి తుడిచే ఘట్టాన్ని మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. ఇది చరిత్రకు తీరని లోటు. ఆ తుడుపు పుణ్యమా అని ఒక పన్ను ఊడింది, ఒక భుజం కాలింది, ఒక చిటికెన వేలు నుజ్జయింది.

కమ్మరికి యాభై రెండేళ్లు. మెడ అంటూ లేదు. తల నేరుగా భుజాల మీదే దిగింది. అందరికీ కోపం ముక్కు మీద ఉంటే ఆయనకు సుత్తి మీద ఉండేది. గేటుకు చేసిన మడతబందు బాగాలేదన్న ఒక పెద్దమనిషి నుదుటి మీద ఆ మడతబందునే అచ్చువేసి పంపాడు. పెద్దమనిషి మళ్లీ రాలేదు. మడతబందు మాత్రం ఇంతవరకూ కిర్రుమనలేదు.

ఎడమ చేత్తో పట్టకారు పట్టి, ఎర్రగా కాలిన ఇనుమును దాకలి దిమ్మ మీద ఆయన తిప్పుతుంటే, ఎదురుగా నిలబడి సమ్మెట వేసేవాడు భార్య తమ్ముడు. సమ్మెట బరువు ఆరు కిలోలు. పట్టకారు పొడవు మూరెడు. అంటే బావ వేళ్లకూ బావమరిది బలానికీ మధ్య రోజంతా ఉండేది ఆ మూరెడు దూరమే. ఆ ఎడమ చెయ్యి పోతే కొలిమి ఆర్పేసుకోవాల్సిందే. ముప్పై ఏళ్లుగా ఇనుము తిప్పిన ఒడుపు కుడి చేతికి రమ్మంటే రాదు. అందుకే ఆయన లోకంలో దేన్నీ లెక్కచెయ్యకపోయినా ఆ చేతిని మాత్రం కంటికి రెప్పలా కాచుకునేవాడు.

ఒకనాడు పాత ఇనుము లోడులో ఒక చెక్కపెట్టె వచ్చింది. అందులో ఒక రికార్డు ప్లేయరు, రెండు రికార్డులు ఉన్నాయి. రెండింటిలోనూ ఉన్నది ఒకే సంగీతం. ఎప్పుడో పోయిన ఒక చెక్ దేశపు స్వరకర్త వయొలిన్ ముందు, వాద్యబృందం వెనక వాయించేలా రాసిన రెండు కన్‌చెర్టోలు, రికార్డుకు ఒక్కో పక్క ఒకటి చొప్పున. వాయించినవాళ్లే వేరు. ఒక అట్ట మీద తెల్లగడ్డం ముసలాయన, రెండోదాని మీద జుట్టు విరబోసుకున్న యువతి.

ముసలాయన రికార్డు పెట్టి వింటే కమ్మరికి జ్ఞానోదయమైంది. వయొలిన్ వెనకాల డోలు మోగేచోట, దెబ్బకూ దెబ్బకూ మధ్య, ఇనుము ఒక పక్కకు తిప్పుకునేంత వ్యవధి సరిగ్గా ఉంది. డోలు మోగితే సమ్మెట పడాలి, ఆగితే పట్టకారు తిరగాలి. వయొలిన్ ఒక్కటే సాగదీస్తున్నంతసేపూ ఇనుము కాల్చుకోవాలి. దాకలి అదురుకు ముల్లు గంతులేస్తోందని ప్లేయరును పాత చీర ఉయ్యాలలో దూలానికి వేలాడదీశాడు.

“నా ఇద్దరు పిల్లల్నీ ఒక్కనాడు ఊపిన పాపాన పోలేదు” అంది భార్య.

“శ్రుతిలో ఏడిస్తే ఊపేవాణ్ణే” అన్నాడు.

పిల్లి తోక తొక్కారా అని వాకిట్లో నిలబడి అడిగిన ఒకాయన, ఒక చెప్పు అక్కడే వదిలేసి ఇల్లు చేరాడు.

ఏడాది బాగానే గడిచింది. తర్వాత ఒకరోజు బావమరిది యువతి రికార్డు పెట్టాడు. ఆమెది గుర్రపు పరుగు.

“ముసలోడు వాయిస్తుంటే ఆవలింతలొస్తున్నాయి బావా. ఈమె చూడు, పీక మీద కూర్చుని వాయిస్తుంది.”

“ఆ పరుగుకి నా చెయ్యి తిరగదురా.”

“చెయ్యి ముసలిదైతే సంగీతమేం చేస్తుంది?”

జవాబుగా కమ్మరి గుద్దిన గుద్దుకు అవతలివాడి ముందు పన్ను బొగ్గుల్లో పడింది. సంగీత విమర్శ అంతటితో ఆగలేదు. బావమరిది బావ తలను నీళ్లతొట్టిలో ముంచి, బుడగలు తగ్గేదాకా పట్టుకున్నాడు. ఇల్లాలు వచ్చి, కొలిమి కదిపే ఇనుపచువ్వతో పక్షపాతం లేకుండా చెరి నాలుగూ వడ్డించి, సంధి కుదిర్చింది. బేసి తేదీల్లో ముసలాయన, సరి తేదీల్లో యువతి. ఇద్దరూ తలాడించారు. ఆ నాటి నుంచి బావా బావమరుదుల మధ్య మాటల్లేవు. ఏం చెప్పుకోవాలన్నా ఆమె ద్వారానే. డోలు చెప్పినట్టు చెయ్యడమే కాబట్టి పనికి మాటలు అక్కర్లేదు.

సంధి నిక్షేపంగా నడిచింది, నెలాఖరు దాకా. ఆ నెలకు ముప్పై ఒక్క రోజులు.

“అక్కా, ఆయనకు చెప్పు” అన్నాడు బావమరిది ఒకటో తారీఖు ఉదయం. “నిన్న ముసలాయన అయిపోయాడు. ఇవాళ నాది.”

“మీ తమ్ముడికి చదువు రాదని తెలుసు గానీ, ఒకటి బేసని కూడా తెలీదనుకోలేదు” అన్నాడు కమ్మరి, రికార్డు తుడుస్తూ.

“ముప్పై ఒకటీ ఆయనదే, ఒకటీ ఆయనదేనా? ఇదేం న్యాయమక్కా?”

“నేను చెప్పింది బేసి, సరి. నెలలు నేను చెయ్యలేదు” అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ముసలాయన రికార్డే మోగింది. గడ్డపారకు మొన తీస్తున్నారు. ఎదుటివాడి దవడ బిగుసుకుని ఉండటం కమ్మరి చూశాడు. చూసి కూడా, గెలిచిన ఉత్సాహంలో, పట్టకారును దాకలికి దగ్గరగా పట్టాడు. మూడు దెబ్బలు సజావుగా పడ్డాయి. నాలుగోదానికి డోలు ఇంకా మోగలేదు, ఇనుము ఇంకా తిరుగుతూనే ఉంది. సమ్మెట వచ్చేసింది. పట్టకారు పిడి దాకలి అంచుకు అతుక్కుపోయింది. మధ్యలో చిటికెన వేలుంది.

అది చితికిన చప్పుడు వయొలిన్ మోతలోనూ స్పష్టంగా వినబడింది.

కమ్మరి కుడి చేత్తో గడ్డపారను చల్లటి కొస దగ్గర పట్టుకుని, ఎర్రటి కొసను బావమరిది భుజం మీద పెట్టి నొక్కాడు. చర్మం చిమచిమలాడింది. వాడు గుడ్డిగా తిప్పిన సమ్మెట బావ తలను వెంట్రుకవాసిలో తప్పి, ఉయ్యాలకు తగిలింది. ముసలాయనా, ఆ ఉయ్యాలలోనే పక్కన పెట్టిన యువతీ, ప్లేయరూ కలిసి గోడకు కొట్టుకుని ముక్కలయ్యారు. అయినా వాళ్లు ఆగలేదు. పట్టకారుతో మోకాలి మీద ఒకడు, నుదుటితో ముక్కు మీద ఒకడు. చివరకు ఇద్దరూ బొగ్గులోనూ నెత్తుట్లోనూ దొర్లుతుంటే, ఇల్లాలు తొట్టి మొత్తం ఎత్తి వాళ్ల మీద కుమ్మరించింది.

ఆస్పత్రిలో ఒకే బల్ల మీద కూర్చోబెట్టారు.

“ఎలా జరిగింది?” అనడిగాడు డాక్టరు.

“ఒకటో తారీఖు” అన్నాడు కమ్మరి.

వేలు తీసేశారు. మిగిలిన నాలుగూ దక్కాయి. డాక్టరు అవతలికి వెళ్లాక బావమరిది నేల చూస్తూ నోరు విప్పాడు.

“కావాలని కొట్టలేదు బావా. ముసలాయన మర్నాడు ఆమే కదా. నా తలలో ఆమే మోగుతోంది. చెయ్యి దానంతటదే లేచింది.”

“నేను మాత్రం కావాలనే కాల్చాను” అన్నాడు కమ్మరి.

నెలన్నర తర్వాత కొలిమి రాజేశారు. కమ్మరి నాలుగు వేళ్లతో పట్టకారు బిగించాడు. బావమరిది ఎత్తిన సమ్మెట దించకుండా నిలబడ్డాడు. డోలు లేక ఇద్దరిలో ఎవరికీ ఏం చెయ్యాలో పాలుపోలేదు. చేతిని వెనక్కి లాక్కుందామని ఒక్క క్షణం అనిపించింది కమ్మరికి.

“నేను ఊఁ అన్నప్పుడు కొట్టు” అన్నాడు ఆఖరికి.

“సరే బావా.”

“ఊఁ.”

సమ్మెట పడింది. ఇనుము తిరిగింది.

“ఊఁ.”

వయొలిన్‌తో సాయంత్రం దాకా పట్టే గడ్డపారలు, ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయాయి.