అన్నయ్య సాగనంపిన ఎముక

పరాయి దేశంలో ఉన్న రోజుల్లో, హెండర్సన్ అనే పేటలోని ఫ్లాట్‌లో నా పక్క గదిలో ఉండే అన్నయ్యకు ఒక వింత అలవాటు ఉండేది. మెట్లెక్కే ముందు, తలుపు తట్టినట్టు తుంటి మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి రిక్కించి కాసేపు ఆగేవాడు.

"ఏంటన్నయ్యా?" అంటే, "లోపల ఎవరూ పలకట్లేదురా" అనేవాడు.

ఉబ్బసానికి ఏళ్ళ తరబడి వాడిన స్టెరాయిడ్ల వల్ల రక్తం అందక అతని తుంటి ఎముక చచ్చిపోయిందని డాక్టర్లు తేల్చారు. 2006లో ఆపరేషన్ చేసి కృత్రిమ కీలు పెట్టారు. తీసిన ఎముక కావాలా అని నర్సు అడిగింది. ఆ దేశంలో అలా అడగడం మామూలే. అన్నయ్య కావాలన్నాడు.

కర్రల సాయంతో నడవగలిగాక, నన్ను డ్రైవ్ చేయమని నల్ల ఇసుక బీచ్‌కి బయల్దేరదీశాడు. ఆస్పత్రివాళ్ళిచ్చిన డబ్బా మూత తీస్తే పెద్ద నిమ్మకాయంత ఎముక, ఒక పక్క కుంగిపోయి ఉంది. దానికి పసుపు రాసి, బియ్యం చల్లి, నాచేత అలల్లోకి విసిరించి దణ్ణం పెట్టాడు.

"నువ్వు ముందెళ్ళు. మిగతావాళ్ళం వెనకాలే వస్తాం" అన్నాడు, ఎంతో మర్యాదగా.

మోకాలి ఎముక కూడా చచ్చిపోతోందన్న స్కాన్ రిపోర్టు ఆ ఉదయమే అతని చేతికి వచ్చిందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.