కొలతల మావయ్య చేతిలో తోట ట్రాక్టరు

పోస్టుమాస్టరు కుర్చీలోంచి లేచి లోపలి గదివైపు నడిచారు. ఆయన వెనక ఒక ఇనుప టేపు నడిచింది. టేపు వెనక మావయ్య నడిచాడు. వరసలో నిలబడ్డవాళ్లు కాస్త జరిగి ముగ్గురికీ దారిచ్చారు. గుమ్మం దగ్గర పోస్టుమాస్టరుకి ఏదో లాగుతున్నట్టనిపించి వెనక్కి తిరిగారు. తన బెల్టుకి తగులుకున్న కొక్కేన్ని చూశారు. టేపు వెంబడి మెల్లగా చూపు సాగదీసి, ఆ చివరనున్న మనిషిని పలకరించారు.

“మీకేం కావాలండి?”

“పార్సిలు పంపించాలండి. మీ కుర్చీ మీకు రెండంగుళాలు ఎత్తెక్కువ. సాయంత్రానికి కాళ్లు తిమ్మిరెక్కడం లేదూ?”

తిమ్మిరెక్కుతున్న మాట నిజమే. కాని అంతమంది ముందు ఒప్పుకోవడం ఎలాగని, పోస్టుమాస్టరు ఆ పార్సిలు మీద తన చేత్తోనే ముద్ర కొట్టి, మావయ్యని మర్యాదగా బయటికి సాగనంపారు.

మావయ్యకున్న పిచ్చి ఇదొక్కటే. మనిషి కనిపిస్తే కొలుస్తాడు. వృత్తికి మెకానిక్కు. ఇంటి వెనక రేకుల షెడ్డులో కుట్టుమిషను నుంచి నీళ్ల మోటారు దాకా ఏదైనా బాగుచేస్తాడు. కాని మిషను తెచ్చినవాళ్లని దానికేం రోగమని అడగడు. “దీన్ని వాడేదెవరు?” అంటాడు. ఆ వాడే మనిషిని పిలిపించి, స్టూలు మీద కూచోబెట్టి, భుజం నుంచి మోచేతికి, తుంటి నుంచి మడమకి కొలిచి, జేబులోని నల్ల అట్ట పుస్తకంలో ఎక్కించాకే పానా పట్టుకుంటాడు.

మనుషుల పేర్లు ఆయనకి గుర్తుండవు. “నువ్వు లేనప్పుడు ఆ ఇరవై తొమ్మిదంగుళాల చేతులావిడ వచ్చి వెళ్లింది,” అని అత్తయ్యతో చెబుతాడు. ముప్ఫై ఏళ్ల కాపురంలో అత్తయ్య కూడా, “ఎవరూ, ఎడమ భుజం కాస్త దిగి ఉంటుంది, ఆవిడేనా?” అనే స్థితికి వచ్చేసింది. వాళ్లింట్లో భోజనాల బల్ల చుట్టూ కుర్చీలు ఎవరి కొలతకి వాళ్లవి. అత్తయ్య పొట్టి, మావయ్య పొడుగు. చుట్టాలెవరైనా తెలియక అత్తయ్య కుర్చీలో కూచుంటే మోకాళ్లు గడ్డానికి ఆనుతాయి. మావయ్య కుర్చీలో కూచుంటే చంటిపిల్లల్లా కాళ్లూపుకుంటూ తినాలి. ఆ వీధిలో మావయ్య ఎదురొస్తే జనం చేతులు కట్టుకుంటారు. గౌరవంతో కాదు, చేతులు చాస్తే కొలుస్తాడని.

అలాంటి మావయ్యకి ఒక మేనకోడలు. పెద్దాసుపత్రిలో తోటమాలి. యాభైకి దగ్గరపడుతున్న మనిషి. ఆసుపత్రి చుట్టూ ఉన్న గడ్డినంతటినీ ఇరవై రెండేళ్లుగా ఒక చిన్న ట్రాక్టరు మీద కూచుని కోస్తోంది. ఆ ట్రాక్టరు ఆవిడకంటే ముందు ఉద్యోగంలో చేరింది. తాడు లాగితే పదిసార్లకి ఒకసారి లేస్తుంది. లేచిందంటే దాని పొగ కిటికీల్లోంచి వెళ్లి రోగుల్ని పరామర్శించి వస్తుంది. ముందున్న రెండు దీపాల్లో ఒకటి ఎప్పుడో పోయింది. రెండోది కుదుపులకి వెలిగి, బాగున్న దారిలో ఆరిపోతుంది.

సూపరింటెండెంటుగారు ఒకరోజు ఆవిడని పిలిచి సంగతి తేల్చేశారు. కొత్త ఇంజనూ, కొత్త రకం ఎల్‌ఈడీ దీపాలూ స్టోరు నుంచి ఇప్పిస్తారు. రెండు వారాల్లో బండి పొగ లేకుండా, చప్పుడు లేకుండా తిరగాలి. ఆవిడ ఆయన కళ్లముందు తోటంతా ఒక చుట్టు నడిపి చూపించాలి. లేదంటే గడ్డి పని కాంట్రాక్టుకి పోతుంది. కాంట్రాక్టరు తన బండీ, తన మనిషీ తెచ్చుకుంటాడు.

బండి సంగతి ఆవిడకి దిగుల్లేదు. మావయ్య ఉన్నాడు. దిగులంతా తన ఎడమ మోకాలిది. ఆరు నెలలుగా అది మాట వినడం లేదు. ట్రాక్టరు క్లచ్చి పెడలేమో ఎడమ వైపే ఉంది, అదీ రాయిలా ఉంటుంది. ఎవరూ చూడకుండా రెండు చేతులూ మోకాలి మీద వేసి కిందికి అదిమి నెట్టుకొస్తోంది. ఈ సంగతి బయటికి పొక్కితే ట్రాక్టరుకంటే ముందు తనే పాత ఇనుములో చేరుతుంది. అందుకని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మావయ్యకి అసలు చెప్పకూడదనుకుంది. పోస్టుమాస్టరు కాళ్ల తిమ్మిరి ఊరందరికీ తెలిసింది ఎవరివల్ల?

ట్రాక్టరుని షెడ్డులోకి తోయించగానే మావయ్య స్టూలు చూపించాడు.

“కూచో.”

“నన్నెందుకు మావయ్యా, ఇరవై రెండేళ్లుగా చూస్తున్నావుగా.”

“చూసింది వేరు, కొలిచింది వేరు. కూచోవే.”

చేతులు కొలిచాడు, వీపు కొలిచాడు. అంతటితో అయిపోయిందనుకుంటే, ఇంట్లో బరువు చూసుకునే మిషను తెచ్చి గోడకి నిలబెట్టి, దాన్ని పాదంతో నెట్టమన్నాడు. కుడి కాలితో నెట్టింది. ముల్లు పరుగెత్తింది. ఎడమ కాలు ఆనించేసరికి ఆవిడ నుదుట చెమట పట్టింది. ముల్లు బద్ధకంగా కదిలి ఆగింది. మావయ్య పెన్సిలు కోసం అటు తిరగ్గానే ఆవిడ చప్పున వంగి మోకాలిని రెండు చేతులతోనూ అదిమింది. ముల్లు కుడికాలి అంకె దాకా వెళ్లి కూచుంది. మావయ్య ఇటు తిరిగి, అంకె చూసి, రాసుకుని, “బాగుంది,” అన్నాడు. ఆవిడ ఇంటికెళ్లేదారంతా తన తెలివిని తనే మెచ్చుకుంటూ కుంటింది.

ఆ తరవాత వారం రోజులూ పాత బండికీ కొత్త ఇంజనుకీ మధ్య మావయ్య సంబంధం కలపలేక సతమతమయ్యాడు. ఇంజను అడుగునున్న బోల్టు కన్నాలు ఒక దారి, బండి చట్రంలోని కన్నాలు ఒక దారి. మధ్యలో దళసరి ఇనుప పలక వేసి, రెండు వైపులకీ సరిపడా కన్నాలు పొడిచాడు. ఇంజను ఇరుసు సన్నం, బెల్టు తిరిగే పాత కప్పీ కన్నం వెడల్పు. దానికో తొడుగు చేయించాడు. పాత వైర్లు చేత్తో పట్టుకుంటే ఎండుటాకుల్లా రాలిపోతుంటే మొత్తం పీకి కొత్తవి లాగాడు. తాడు బదులు తాళంచెవి పెట్టాడు, దానికోసం సీటు కింద బ్యాటరీ కూచోబెట్టాడు.

దీపాల దగ్గర ఇంకో రెండురోజులు పట్టింది. కొత్త దీపాలు కళ్లు చెదిరేలా ఉన్నాయి. అవి ఎంత ఎత్తులో ఉండాలో తేల్చడానికి మావయ్య టేపు పట్టుకుని ఆసుపత్రి తోటకి వెళ్లి, బెంచీల మీద గాలి పీల్చుకుంటున్న రోగుల కళ్లు నేలకి ఎంతెత్తులో ఉన్నాయో కొలవడం మొదలుపెట్టాడు. నలుగురిని కొలిచేదాకా ఎవరూ ఏమీ అనలేదు. ఐదో ఆయన నిన్ననే ఆపరేషను చేయించుకున్నాడు.

“ఏవండీ,” అన్నాడు ఆయన, ఆ టేపునే చూస్తూ. “డాక్టరుగారు మీకేమైనా చెప్పారా?”

మేనకోడలు గబగబా వచ్చి, తనకి తెలిసినవాడేననీ, ట్రాక్టరు దీపాలకోసం కొలుస్తున్నాడనీ సర్దిచెప్పింది. ఆ మాట ఆయనకి ఇంకా అనుమానంగా వినిపించినట్టుంది. ఆ రోజంతా బెంచీ దగ్గరికి రాలేదు.

గడువు ఇంక రెండురోజులుందనగా ఆవిడ షెడ్డుకి వెళ్లి చూస్తే ఇంజను పిల్లిలా గుర్రుమంటోంది. పొగ లేదు. ప్రాణం కుదుటపడింది. అంతలో కిందికి చూసింది. ఎడమ వైపు పెడలు లేదు. కోసేసిన పెడలు బల్ల మీద పడుంది.

“మావయ్యా, క్లచ్చి ఏదీ?”

“అదా. ఈ కొత్త ఇంజనుకి పెడలు పట్టదే. ఇదిగో, చేతికి వచ్చేలా లివరు పెట్టాను. లాగితే బెల్టు వదులవుతుంది, వదిలితే బిగుస్తుంది. కుడి కాలికి బ్రేకు ఎలాగూ ఉంది. అలవాటు చేసుకో.”

ఆవిడ లివరు పట్టుకుని చూసింది. చెయ్యి చాచిన చోటే ఉంది, వేలితో లాగినా వచ్చేంత తేలిగ్గా ఉంది. ఆ కొత్త ఇంజను చేసిన కంపెనీవాళ్లెవరోగాని వాళ్ల కడుపు చల్లగా ఉండాలని మనసులో అనుకుని, పైకి మాత్రం, “పెడలే బాగుండేది. సర్లే, ఏం చేస్తాం,” అని పెద్ద నిట్టూర్పు విడిచింది. అత్తయ్య గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి లోపలికి వెళ్లిపోయింది.

పరీక్షనాటి సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే సూపరింటెండెంటుగారు వరండా మెట్లు దిగారు. ఆయన పొడుగాటి కాళ్లు చూడగానే మావయ్య చెయ్యి దానంతటదే టేపు జేబులోకి పోయింది. మేనకోడలు కళ్లెర్రజేసింది. చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది.

తాళంచెవి తిప్పగానే బండి లేచింది. ఆవిడ లివరు లాగి, గేరు వేసి, వదిలింది. చెట్ల నీడలోకి వెళ్లగానే దీపాలు వెలిగించింది. వెలుతురు బెంచీల మీది వాళ్ల కళ్లలో పడకుండా వాళ్ల మోకాళ్ల కిందుగా సాగిపోయింది. వంటగది వెనక మలుపు దగ్గర రోజూ ఆవిడ ప్రాణం పోయేది, అక్కడ క్లచ్చి రెండుసార్లు తొక్కాలి. ఈసారి రెండుసార్లు లాగింది, అంతే. తోటంతా చుట్టి వచ్చి మెట్ల ముందు ఆపింది. పైన వార్డు కిటికీలు ఒక్కటీ మూసుకోలేదు.

“బాగుంది. రేపట్నించి మామూలుగా కోసుకో,” అన్నారు సూపరింటెండెంటుగారు. కాగితం మీద సంతకం పెట్టి, ఆయనే సరదాపడి బండెక్కి ఒక చుట్టుకి బయల్దేరారు.

ఆవిడకి ఆర్నెల్ల తరవాత ఊపిరి నిండా గాలి అందింది. చెమట తుడుచుకుందామని మెట్ల మీదున్న మావయ్య పనిముట్ల సంచీలో గుడ్డ కోసం చెయ్యి పెడితే, ఎప్పుడూ ఆయన జేబులో ఉండే నల్ల అట్ట పుస్తకం చేతికొచ్చింది. తన పేజీ ఎలా ఉందో చూద్దామని తెరిచింది. చేతులు, వీపు, కుడి కాలు, అన్నీ అంకెలు. ఎడమ కాలి దగ్గర అంకె కొట్టేసి ఉంది. పక్కన మావయ్య చిన్న అక్షరాలు: “మోకాలు నొప్పి. చేత్తో నొక్కింది. పాపం, దాస్తోంది. అడగకూడదు. పెడలు తీసెయ్యాలి.”

ఆవిడ పుస్తకం మూసింది.

“మావయ్యా, ఆ ఇంజనుకి నిజంగానే పెడలు పట్టదా?”

మావయ్య ఆవిడ చేతిలోని పుస్తకాన్ని చూసి, దాన్ని తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

“అడగకూడదని నేను రాసుకున్నానుగా. నువ్వూ అడక్కు.”

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూనే మెట్టు మీద కూలబడి, ఆరు నెలల్లో మొదటిసారి నలుగురూ చూస్తుండగా మోకాలు చాపుకుని నిమురుకుంది. ఇంతలో సూపరింటెండెంటుగారు చుట్టు పూర్తిచేసుకుని వచ్చి దిగారు.

“అంతా బాగానే ఉంది కాని, ఎడమ కాలికి పనే లేకుండా చేశావేంటయ్యా, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చచ్చాను.”

“పోనీలెండి సార్, పాపం పుట్టినప్పట్నించీ నడుస్తూనే ఉంది, కాసేపు కూచోనివ్వండి.”