ఆఫర్ కారం వద్దన్నందుకు

ఈ సాయంత్రం అమ్మతో కలిసి బ్రాడీపేటలో సరుకులు చవగ్గా అమ్మే సూపర్ మార్కెట్‌కి వెళ్లాను. ఒకటి కొంటే ఒకటి ఉచితమన్న కారం ప్యాకెట్లు పట్టుకుని ఒక పెద్దావిడ నన్ను అడిగారు.

“ఈ ఏడాది మిరపకాయలు ఎండబెట్టి ఆడించే ఓపిక లేదమ్మాయ్. ఆవకాయకి ఇది పనికొస్తుందా?”

“వద్దండి. పోయిన నెల మేం కొన్నాం. రంగే గానీ ఘాటు లేదు, జాడీ అంతా పాడవుద్ది. ఇక్కడ కందిపప్పు మాత్రం చాలా బాగుంటుంది, తీసుకోండి,” అన్నాను.

వెనక నుంచి సూపర్‌వైజర్ వచ్చాడు. “నచ్చకపోతే మీరు కొనకండి మేడమ్. పక్కవాళ్లకి చెప్పడానికి మీరెవరు?”

“కొని తిన్నదాన్నండి. పప్పు బాగుందన్నప్పుడు ఈ మాట అడగలేదేం?”

అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. అందుకే షాపుల్లో అమ్మ నోరు విప్పదు, ఏం అడగాలన్నా నా చేతే అడిగిస్తుంది. నేను కదల్లేదు. పెద్దావిడ ప్యాకెట్లు అరలో పెట్టేసి, “మరి గోధుమపిండి ఎట్లా ఉందమ్మా?” అని అతని ముందే అడిగారు.

నేను చెప్పేలోపే అమ్మ అందుకుంది. “అసలొద్దండీ! చపాతీలు అట్టముక్కల్లా వస్తన్నాయి.”

వచ్చే వారం మళ్లీ అక్కడికే వెళ్తాం. మీరు కొనే చోట ఏది బాగుందో, ఏది బాగోలేదో కింద రాయండి. చెప్పడానికి మీరెవరని ఎవరైనా అడిగితే, తినేవాళ్లమని చెప్పండి.