రెండూ ఒకేసారి పోవన్న మా వదిన

పొద్దున్నే పిల్లలకి క్యారేజీలు కట్టి, "ఎండ మండిపోతంది మరిదీ, గొడుగు అట్టుకెళ్లు" అని నాతో అన్న మనిషి మధ్యాహ్నానికి లేదని ఫోనొస్తే మీరు నమ్ముతారా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. నేను నమ్మలేదు. నౌపడలో ఉప్పుమళ్ల పక్కన షామియానా కింద నిలబడి, చేతిలో గ్రంథం తెరిచి, మరణం గురించే ప్రవచనం చెబుతున్నాను. అన్నయ్య ఫోన్‌లో "మీ వదిన నేదురా" అన్నాడు. "పలాస ఎల్లిందేటి?" అని అడిగాను. బడికి వెళ్లిందనుకున్నాను. అన్నయ్య మళ్లీ అదే మాట అన్నాడు. సగం చదివిన శ్లోకం సగంలోనే ఆగింది. మిగతా సగం ఈరోజుకీ నోటికి రావడం లేదు.

వదిన పలాసలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచరు. కవిటి పక్కన మా ఊళ్లో శనివారం భజన జరిగితే మైకు పెట్టి రికార్డు చేసి ఇంటి కంప్యూటర్లో దాచేది. నా ప్రవచనాలు కూడా దాచేది. "అరుపు తగ్గించు మరిదీ, దేవుడికి చెముడు నేదు" అని మొహం మీదే అనేది.

ఆ భజనల్లో పాడినవాళ్లలో ఒకడు చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. సముద్రం శవాన్ని కూడా ఇవ్వలేదు. వాడి తల్లిని మేమందరం పిన్నీ అంటాం. వలలు బాగుచేసి బతుకుతుంది. కొడుకు గొంతు మా ఇంటి కంప్యూటర్లో తప్ప భూమ్మీద ఎక్కడా లేదు. ప్రతి శనివారం వచ్చి, గోడకి ఆనుకుని, ఆ పాట విని వెళ్లేది. ఏడ్చేది కాదు. వాడు తాళం తప్పిన చోట నవ్వేది.

మొన్న దసరా వెళ్లాక వచ్చిన శనివారం, కంప్యూటర్ వేస్తే నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. డిస్కు కనబడటం లేదట. లోపల రెండు హార్డ్ డిస్కులున్నాయి: ఒకదాంట్లో పాటలు, రెండోదాంట్లో వాటి కాపీ. రెండూ కనబడలేదు.

పిన్ని లేచి నిలబడింది. "మావోడి పాట పోనాదేటి టీచరమ్మా?"

నేను ఊరుకుంటానా? గ్రంథం తీశాను. "పెట్టెలో దాచుకున్నది పెట్టెతోనే పోద్ది పిన్నీ. నశించనిదాన్ని పట్టుకో..."

"మరిదీ!" అంది వదిన. "నీ ప్రవచనం తరవాత. ముందు ప్లగ్గు పీకు."

పీకాను. నేల మీద చాప వేసి పెట్టెను పడుకోబెట్టింది. ఎండాకాలంలో ఫ్యాను గాలి తగలాలని తీసిన పక్క మూత మళ్లీ బిగించనేలేదు. ఒంట్లో కరెంటేమైనా ఉంటే దిగిపోవాలని ముందు లోపలి ఇనుము తాకి, తర్వాత డిస్కుల నుంచి వచ్చే తీగ ఒకటి తీసి వేరేది పెట్టింది. మళ్లీ వేసి చూసింది. లేదు. ఆపి, రెండో తీగ. లేదు.

"రెండూ ఒక్కసారే మార్చీరాదా?" అన్నాను.

"రెండూ మారిస్తే దేనివల్ల బాగైందో ఎలా తెలుస్తాది? నువ్వు జనాల్ని బాగుసేత్తన్నావు గదా, ఈపాటి తెల్దా?"

ఈసారి ఆన్ చేసి డిస్కు మీద వేళ్లు ఆనించింది, జ్వరం చూసినట్టు. "తిరగడం నేదు. ఇదీ తిరగడం నేదు." అప్పుడు పిన్ని వైపు తిరిగి అంది: "రెండు డిస్కులు ఒకేసారి పోవు పిన్నీ. రెండింటికీ ఉమ్మడిది ఏదో పోనాది. అది సూద్దాం."

ఉమ్మడిది కరెంటు తీగ. ఒకటే వచ్చి రెండుగా చీలుతుంది. ఆ చీలే చోట జాయింటు సగం ఊడి ఉంది. దానికి దారం ముక్క, దారానికి ఎండిన బంతిపువ్వు రేకులు. దారానికి వేసిన ముడిని వంగి చూశాను. అది వలలు అల్లేవాళ్లు వేసే వలముడి. మా ఇంట్లో ఆ ముడి వేసే చెయ్యి ఇంకెవరిది? దసరాకి పడవకి కట్టినట్టే కొడుకు గొంతున్న పెట్టె లోపల దండ కట్టింది తల్లి. దండ వాడిపోయాక తనే లాగేసరికి తీగ కూడా లాగుకొచ్చింది.

నేను నోరు తెరిచాను. వదిన నా కాలి మీద గట్టిగా తొక్కింది. కత్తెరతో దారం తెంపి కొంగులో దోపుకుంది. జాయింటు నొక్కి బిగించింది.

"ఏటైనాది టీచరమ్మా?"

"ఉప్పుగాలి పిన్నీ. తీగలకి పడదు."

డిస్కులు తిరిగాయి. పాట వచ్చింది. తాళం తప్పిన చోట పిన్ని నవ్వింది.

చదువుతున్న పెద్దలారా, నేను కరుణ గురించి ఊరూరా గొంతు చించుకున్నాను. ఆరోజు నా ఇంట్లో ఒక అబద్ధం రూపంలో దాన్ని చూశాను.

మర్నాడే వదిన పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పిన్ని చేతిలో పెట్టింది. "ఒకే ఇంట్లో రెండు కాపీలుంటే ఒక్కటున్నట్టే పిన్నీ. నీ ఇంట్లో ఒకటుండాల" అంది.

వదిన పెద్దకర్మ నాటికి అన్నయ్య ఒక్కటే కోరాడు: "దాని గొంతు ఇనాలనుందిరా." ఇంత రికార్డు చేసిన మనిషిది ఉండదా అనుకున్నాం. వెతికాం. శనివారాలన్నీ తెరిచాం. ఎవరి గొంతు కావాలన్నా ఉంది. ఆవిడ గొంతు లేదు. మధ్యలో తన మాట పడితే "నా గోల ఎవులికి కావాల" అని కత్తిరించేసేదట, అన్నయ్య పెద్దమ్మాయి చెప్పింది. ఫోన్‌లో మెసేజీలు కూడా టైపు చేసేదే తప్ప మాట పంపేది కాదు. చివరికి పిన్ని కొడుకు పాట ఆఖర్న, రికార్డు ఆగే ముందు, ఆపడానికి ఆవిడ చెయ్యి చాచినప్పటి గాజుల చప్పుడు దొరికింది. అంతే. అన్నయ్య పాటని మళ్లీ మళ్లీ ఆ చప్పుడు దగ్గరికే జరిపి వింటూ కూర్చుంటున్నాడు.

అయ్యా, అమ్మా, ఈ కాగితం మడవక ముందే లేవండి. మీ ఇంట్లో అందరికీ అన్నీ దాచిపెట్టే మనిషి ఒకరుంటారు. ఇప్పుడు పొయ్యి దగ్గరుందా? ఫోను ఆన్ చేసి గట్టు మీద పెట్టండి. కూరలో ఏం వేశావని అడగండి. "ఏటీ సోద్యం?" అని తిడితే తిట్టనివ్వండి, ఆ తిట్టు ఒక్క ముక్క కూడా కత్తిరించకండి. రేపు కాదు. ఆవిడ ఇంకా మాట్లాడుతుండగానే, ఈ పూటే.