మాస్టారికి వినపడని చప్పుడు

తొంభైల చివర్లో నేను గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరుగా చేసేదాన్ని. నా గొంతు బాగుంటుందని ఇంట్లో అనేవారు గానీ, పొద్దున్నే పిల్లలచేత ప్రార్థన పాడించడం తప్ప దాంతో నేను చేసిందేమీ లేదు. అమరావతి అమరేశ్వరుడి మీద భక్తి పాటల క్యాసెట్టు చేస్తున్నారనీ, కోరస్‌కు ఆడగొంతులు కావాలనీ తోటి టీచరు ఒకావిడ చెబితే, ఒక ఆదివారం ఆవిడతో కలిసి బ్రాడీపేట వెళ్లాను. కింద క్లినిక్కు, పైన రికార్డింగు గది.

ఆ గది నడిపే సంగీతం మాస్టారిని మొదట చూసింది అక్కడే. ఆయనకు అప్పటికి యాభై దగ్గరపడుతున్నాయి. సన్నగా, పొడుగ్గా, పొట్టిచేతుల తెల్లచొక్కాలో బ్యాంకు గుమాస్తాలా ఉన్నారు. మెడలో ఎలక్ట్రిక్ గిటారు వేలాడుతుంటే, ఎవరో కాసేపు పట్టుకోమని ఇచ్చి వెళ్లారేమో అనిపించింది. వాయించడం మొదలుపెట్టాక ఆ అనుమానం పోయింది.

గది గోడలకు దూది పరుపులు కొట్టించారు. ఆ దూది ఆయన బావమరిది జిన్నింగు మిల్లులోది. కింద డాక్టరుగారు భోజనానికి వెళ్లాక, వీధిలో ఆటోల గోల తగ్గాక, ఒంటిగంట నుంచి నాలుగు దాకా రికార్డింగు. మిరప సీజన్లో అయితే ఘాటు ఎక్కడెక్కడి సందుల్లోంచో లోపలికొచ్చి, చరణం మధ్యలో ఎవరో ఒకరు తుమ్మేవారు. మాస్టారు విసుక్కోకుండా టేపు వెనక్కి తిప్పేవారు.

ఆయన సత్తెనపల్లి దగ్గర మిరప రైతు కొడుకు. కాలేజీ చదువుకు గుంటూరు వచ్చి, రైల్వేలో గార్డుగా చేసే ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన దగ్గర గిటారు నేర్చుకున్నారు. ఇరవై ఏళ్లకే ముగ్గురు స్నేహితులతో రాక్ బ్యాండు పెట్టారు. మొదటి ప్రోగ్రాంలో రెండో పాటకే జనం సినిమా పాటలు కావాలని కేకలు వేశారట. ఏడాది తిరక్కుండా బ్యాండు చెదిరిపోయింది. ఈయన పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో చేరారు. కీబోర్డు మనిషి మానేస్తే కీబోర్డు నేర్చుకున్నారు. డ్రమ్ముల మనిషి మానేస్తే డ్రమ్ములు. పాటలు రాసే ఆయన చెప్పిన వేళకు రాకపోతే తనే రాయడం మొదలుపెట్టారు. నేను వెళ్లేనాటికి అయ్యప్ప పాటలు, జానపదాలు, ఎన్నికల పాటలు, పత్తి విత్తనాల ప్రకటనలు, ఏవి కావాలన్నా రాసి, బాణీ కట్టి, వాయించి, రికార్డు చేసి ఇచ్చేది ఆయనొక్కరే. తనకోసం రాసుకున్న పాటలు మాత్రం ఒక నోట్‌బుక్కులోనే ఉండిపోయాయి.

కోరస్ నుంచి నేను మెల్లగా సొంతంగా పాడేదాకా వచ్చాను. సెలవులన్నీ ఆ గదిలోనే గడిచేవి. రెండేళ్ల తర్వాత ఒకరోజు, ఆయన ఆ నోట్‌బుక్కు తీసి నా ముందు పెట్టి, ఇక ఆగలేననీ, తన పాటలు తాను చేసుకుంటాననీ చెప్పారు. ఎనిమిది పాటలు, అన్నీ తెలుగులోనే, అన్నీ రాక్. వానకోసం చూసే పత్తిచేను మీద ఒకటి. తెల్లవారకముందే ట్రాక్టరెక్కి మిరపకోతలకు వెళ్లే ఆడవాళ్ల మీద ఒకటి. అన్ని వాయిద్యాలూ ఆయనే వాయించారు. రెండు పాటలు నాచేత పాడించారు.

కోతల పాటకు ఎండుమిరపకాయల చప్పుడు పెట్టాలని ఆయనకు ఆశ. కాయ బాగా ఎండిందో లేదో తెలుసుకోవడానికి మా వైపు రైతులు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తారు. ఎండితే లోపల గింజలు సన్నగా గలగలమంటాయి. మాస్టారు గుప్పెడు కాయలు తెచ్చి మైకు దగ్గర ఆడించారు. తల అడ్డంగా ఊపి, ఇవింకా ఎండలేదన్నారు. రెండు గజాల దూరంలో ఉన్న నాకు గింజల చప్పుడు స్పష్టంగా వినపడుతోంది. హాస్యానికి అంటున్నారేమో అనుకున్నాను. మర్నాడు వేరే కాయలు తెచ్చారు. వాటినీ ఎండలేదని పక్కన పెట్టేశారు.

అప్పుడు నాకు గుర్తుకొచ్చింది. కొన్ని నెలలుగా ఆయన ప్రతి పాటలోనూ సన్నటి శబ్దాలను పెంచుకుంటూ పోతున్నారు. తాళాలు, డ్రమ్ముల మీది సింబల్స్ చెవిలో గుచ్చుకుంటున్నాయి. రాక్ అంటే ఇలాగే ఉంటుందేమోనని మేమంతా ఊరుకున్నాం.

నేను చెప్పలేదు. ఆయన ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని. నిన్నగాక మొన్న వచ్చిన దాన్ని, మీకు వినపడటంలేదని ఏ నోటితో చెప్పను?

క్యాసెట్టు బయటికొచ్చింది. రెండు వారాల్లోనే షాపులవాళ్లు వెనక్కి పంపడం మొదలుపెట్టారు. పెట్టగానే ఈల వేసినట్టుందని, పూర్తిగా వినలేకపోతున్నామని కొన్నవాళ్లు అన్నారట. మాస్టారు టేపు నాసిరకమని తేల్చేశారు. విజయవాడలో క్యాసెట్లు కాపీ చేసే ఆయన మాస్టారికి పాత స్నేహితుడు. ఆయన్ని పిలిపించి, నా ఎదుటే, తన పాటలు పాడుచేశాడని నిలదీశారు. ఆ స్నేహితుడు ఒక్క మాటే అన్నాడు.

"నువ్విచ్చిందే నేను ఎక్కించాను."

వెళ్తూ వెళ్తూ నావైపు చూశాడు. నాకు తెలుసని ఆయనకు తెలిసిందేమో. నేను దాచిన మాటకు ఇంకొకరు దోషి అయ్యారు.

మర్నాడు మధ్యాహ్నం వంటింట్లోంచి రెండు ఎండుమిరపకాయలు కాగితంలో చుట్టుకుని వెళ్లాను. మాస్టారు ఒక్కరే ఉన్నారు.

"మాస్టారూ, ఆయన తప్పేమీ లేదండీ."

"నీకేం తెలుసు?"

"ఒక్కసారి కళ్లు మూసుకోండి."

ఏమనుకున్నారో, మూసుకున్నారు. కుడిచెవి పక్కన కాయ ఆడించాను. తర్వాత ఎడమచెవి పక్కన. గదిలో ఇంకే చప్పుడూ లేదు. ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు.

"మొదలుపెట్టమ్మాయ్," అన్నారు.

"అయిపోయిందండీ. రెండు వైపులా ఆడించాను."

కళ్లు తెరిచి నా చేతిలో కాయను చూశారు. తీసుకుని తనే ఆడించారు. తర్వాత దాన్ని తుంచి, అరచేతిలో రాలిన గింజల్ని చూస్తూ కూర్చున్నారు.

"నీకెప్పటినుంచి తెలుసు?"

"నాలుగు నెలలైందండీ."

"నాలుగు నెలలు నన్నిలా వదిలేశావా?"

ఆయన గొంతులో కోపం లేదు. నాకు ఏడుపొచ్చింది.

చెవుల డాక్టరు చెప్పింది ఆయన అప్పటికే ఊహించుకున్నదే. ఏళ్లతరబడి డ్రమ్ముల పక్కన, పెద్ద స్పీకర్ల ముందు నిలబడటం వల్ల నరం దెబ్బతింది, పోయిన వినికిడి తిరిగిరాదు. మాస్టారు గదికి తాళం వేసి ఊరెళ్లిపోయారు. వెళ్లేముందు విజయవాడ పోయి స్నేహితుడికి క్షమాపణ చెప్పుకున్నారని, ఆ స్నేహితుడే తర్వాత నాకు చెప్పాడు.

నెల దాటినా తిరిగి రాకపోయేసరికి నేనే బస్సెక్కి వెళ్లాను. ఆయన కల్లంలో తలకు తువ్వాలు చుట్టుకుని కూలీలతో కలిసి మిరపకాయలు తిరగేస్తున్నారు. నన్ను చూసి పక్కకొచ్చి మంచినీళ్లు ఇప్పించారు. ఆయనే మాట ఎత్తారు.

"విడివిడిగా రికార్డు చేసిన అసలు టేపులన్నీ ఉన్నాయి. మళ్లీ మిక్స్ చేద్దాం. ఈసారి మిక్సర్ ముందు కుర్చీలో నువ్వు కూర్చో."

"నాకు రాదండీ."

"నాకు వినపడదు. రానిది నేర్చుకోవచ్చు."

ఆ వేసవి సెలవులంతా నేర్చుకున్నాను. ఏ మీట దేనికో, గొంతును గిటారు కింద మునిగిపోకుండా ఎలా నిలబెట్టాలో ఓపికగా చెప్పారు. మంద్రంగా పలికే బేస్ శబ్దాల సంగతి ఆయనకే వదిలేసేదాన్ని. వాటిని ఆయన ఇప్పటికీ నాకంటే బాగా పట్టగలరు. సన్నటి శబ్దాల దగ్గరికొచ్చేసరికి చేతులు కట్టుకుని నా ముఖం చూసేవారు. నేను మొహం చిట్లిస్తే తగ్గించమనేవారు. కొత్త క్యాసెట్టు కాపీలు విజయవాడ ఆయనే తీశాడు. అది గొప్పగా అమ్ముడుపోయిందని చెప్పను. కానీ షాపుల నుంచి వెనక్కి రాలేదు. ఒకసారి సత్తెనపల్లి వెళ్లే షేర్ ఆటోలో కోతల పాట వినపడింది. పక్కన కూర్చున్న ఆవిడ కాలితో తాళం వేసింది. పాడింది నేనని చెప్పుకోలేదు.

తర్వాత నేను స్కూలు ఉద్యోగం మానేశాను. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, టేపు మిషన్ పోయి కంప్యూటర్ వచ్చింది. మాస్టారు ఇంకో రెండు ఆల్బమ్‌లు చేశారు. ఊరి చుట్టూ ఇంజినీరింగు కాలేజీలు వచ్చాక, సొంత బ్యాండ్లు పెట్టుకున్న కుర్రాళ్లు రికార్డింగుకు మా గదికే వచ్చేవారు. జుట్టు పెంచుకుని, నల్ల టీషర్టులు వేసుకుని వచ్చి, కంప్యూటర్ ముందు నేత చీరలో కూర్చున్న నన్ను చూసి, సౌండ్ ఇంజినీరుగారు ఎప్పుడొస్తారని మాస్టారిని అడిగేవారు. ఆయన నావైపు చెయ్యి చూపించి, బేస్ గిటారు మెడలో వేసుకుని వాళ్ల మధ్య నిలబడేవారు.